నవంబరులో నరికేసిన మా హైడ్రాంజియా గురించి ఫిర్యాదు

ఎడిసన్, న్యూజెర్సీ
25 ఆగస్టు 2025

తోటపని సంస్థ నిర్వాహకులకు,

అయ్యా, నమస్కారం. మా ఇంటి ముందున్న హైడ్రాంజియా పూలపొద రెండేళ్లుగా పూయడం లేదు. అందుకు కారణం మీ పనివాళ్ల కత్తెర. మీరూ తెలుగువారే కనుక తెలుగులోనే రాస్తున్నాను.

ఈ మొక్కను 2016లో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు తన చేతులతో నాటింది. ఏటా జూన్ చివరికల్లా పసిపిల్లల తలంత నీలి గుత్తులు వేసేది. 2023 నవంబరులో ఒకసారి, 2024 నవంబరులో మరోసారి, రాలిన ఆకులు ఊడ్చడానికి వచ్చిన మీ మనుషులు దాన్ని జానెడు ఎత్తుకు కోసేసి వెళ్లారు.

ఇది హైడ్రాంజియాల్లో మాక్రోఫిల్లా అనే రకం. వచ్చే వేసవిలో విచ్చే మొగ్గలను ఈ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొమ్మల కొసల్లో కట్టుకుంటుంది. కత్తిరించాలంటే పూత వాడగానే కత్తిరించాలి. నవంబరులో కోస్తే మరుసటి ఏటి పూత మొత్తం ఆకుల సంచిలో పడి చెత్తకు పోతుంది. అనాబెల్ వంటి హైడ్రాంజియా రకాలు కొత్త చిగుళ్ల మీద పూస్తాయి, వాటిని చలికాలం చివర్లో కోసినా నష్టం లేదు. తోటపనే వృత్తిగా ఉన్నవారికి ఈ తేడా తెలిసి ఉండాలి.

ఫోను చేస్తే చలికి మొగ్గలు పోయాయన్నారు, మొక్క ముసలిదైంది, పీకేసి కొత్తది పెట్టుకోమన్నారు. గట్టి చలికి మొగ్గలు చస్తాయి, నిజమే. కానీ వాననీటి గొట్టం వెనక మీ కత్తెరకు అందని కొమ్మ ఒకటి మిగిలింది. అదే గోడ, అదే మంచు. ఈ జూన్‌లో ఆ ఒక్క కొమ్మకే రెండు గుత్తులు వచ్చాయి. మిగతా పొదంతా నడుము ఎత్తు ఆకులే. ఫొటోలు జతచేశాను, చూడండి.

ఆ రెండు గుత్తులూ గులాబీ రంగులో వచ్చాయి. పచ్చికకు మీరు చల్లిన సున్నం మొక్క మొదట్లోనూ పడింది. నేలలో ఆమ్లగుణం తగ్గితే వేళ్లకు అల్యూమినియం అందదు, నీలం రాదు. నత్రజని ఎరువూ అక్కడే పడింది, ఆకు అంత ఏపుగా పెరగడానికి అదీ ఒక కారణం.

అమ్మ ఈ ఏప్రిల్‌లో వచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో పొద దగ్గర నిలబడి, ఒక్కో ఆకూ ఎత్తి చూసి, మాట్లాడకుండా లోపలికి వచ్చేది.

రెండేళ్ల కత్తిరింపు రుసుము నాకు తిరిగి ఇవ్వండి. ఈ పొద జోలికి ఎవరూ వెళ్లకూడదని మా ఇంటి పని కాగితంలో రాయించండి. దాని చుట్టూ మూడడుగుల మేర సున్నం గానీ, పచ్చిక ఎరువు గానీ పడకూడదు. సెప్టెంబరు 15లోగా రాతపూర్వకంగా జవాబు కావాలి. కొమ్మల కొసల్లో ఇప్పటికే మొగ్గలు కడుతున్నాయి.

ఇట్లు,
మీ ఖాతాదారు