నాట్లకు ముందే నడుము గురించి

సంపాదకులకు నమస్కారం.

నడుము నొప్పి అనగానే పత్రికల్లోనైనా, ఆస్పత్రి గోడల మీదైనా కనిపించే సలహా ఒక్కటే: నిటారుగా కూర్చోండి, వంగకండి. కుర్చీలో పనిచేసేవారికి అది కొంతవరకు సరిపోవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద నాటు వేసే ఆడవాళ్లకు, మునుగోడు, చండూరు వైపు పత్తి ఏరే కైకిలి (కూలి) వాళ్లకు, పుట్టపాకలో గుంట మగ్గం మీద (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి) నేసేవాళ్లకు వంగకపోతే పూట గడవదు. వాళ్లకు చెప్పాల్సింది ఎక్కడ వంగాలో, ఎంతసేపటికోసారి లేవాలో. రెండూ నేర్పితే వచ్చేవే. వానకాలం నాట్లు మొదలయ్యేలోపే నేర్పాలని మా విన్నపం.

ముందు ఎక్కడ వంగాలన్నది. కింద పడ్డది తీయాలంటే చాలామంది నడుమును విల్లులా వంచుతారు. ఒంట్లో వంగడానికి ఉన్న పెద్ద కీలు తుంటిది. తలుపు బందు దగ్గర తిరిగినట్టు ఒళ్లు తుంటి దగ్గర మడత పడాలి, వీపు చెక్కలా దాని వెంట రావాలి. ఇది పట్టుబడడానికి నాలుగడుగుల కర్ర, ఒక గోడ ఉంటే చాలు. గోడకు వీపు పెట్టి, మడమలు జానెడు దూరంలో ఉంచి, కాళ్లు భుజాలంత ఎడంగా నిలబడాలి. కర్రను వీపు వెంట నిలువుగా ఆనించి ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుము వెనక పట్టుకోవాలి. తల వెనక, వీపు మీది రెండు రెక్క ఎముకల నడుమ, ముడ్డిపూస మీద, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలి. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులు వెనక్కి నెట్టి గోడను తాకి, మళ్లీ లేవాలి. ముడ్డిపూస దగ్గర కర్ర ఎడమైతే నడుము గుండ్రమైందని అర్థం. తల దగ్గర ఎడమైతే మెడ వాల్చి నేల చూస్తున్నారని. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టే. నడుములో లాగితే మాత్రం అంత కిందికి వంగకూడదు. మధ్యాహ్నం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు, రెండు వారాలు చేయాలి. గోడ సులువుగా అందుతున్నకొద్దీ ఒక్కో అంగుళం ముందుకు జరగాలి.

రెండోది ఎంతసేపన్నది, అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. పూర్తిగా వంగి ఉండిపోయినప్పుడు నడుము కండరాలు దాదాపు పని ఆపేస్తాయి. బరువంతా పూసలను కట్టిపడేసే లిగమెంట్ల మీద పడుతుంది. అవి నులక మంచంలా మెల్లమెల్లగా సాగుతాయి, లేవగానే బిగుసుకోవు. ఇరవై నిమిషాలు వంగి లేచిన మనిషికి రెండు నిమిషాల్లో సగమే సర్దుకుంటుంది, మిగతాది అరగంట తర్వాత కూడా పూర్తిగా తీరదు. అందుకే నాటు వేస్తున్నప్పుడు బాగానే ఉన్న నడుము, గట్టు ఎక్కి నారు గంప ఎత్తబోయినప్పుడు పట్టేస్తుంది. బరువు ఎత్తేముందు రెండు నిమిషాలు గట్టు మీద నడవాలి. చేతిలో కట్ట అయిపోయి ఇంకో కట్ట అందుకునే ప్రతిసారీ నిలబడి, రెండు అరచేతులు నడుము మీద పెట్టి, మెల్లగా ఐదుసార్లు వెనక్కి వాలాలి. మునుం (వరసగా నాటుకుంటూ పోయే పట్టీ) వెనకబడుతుందని మేస్త్రీ తొందరపెడతాడు, నిజమే. కానీ దానికి పట్టేది అర నిమిషం కూడా కాదు. పెద్దవాళ్లు నారు పట్టిన ఎడమ చేతి మోచేతిని ఎడమ తొడకు ఆనించి నాటుతుంటారు, చూసే ఉంటారు. మంచి పద్ధతి అది. పైభాగం బరువులో కొంత తొడ మోస్తుంది. కాకపోతే ఎప్పుడూ అదే కాలు ముందుండకుండా మధ్యమధ్యలో కాలు మార్చాలి.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. రాత్రంతా పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి మామూలుకన్నా ఎక్కువ. మన ఇళ్లలో సరిగ్గా ఆ గంటలోనే కురచ చీపురుతో వాకిలి ఊడుస్తారు, సాన్పు (పేడనీళ్లు) చల్లుతారు, ముగ్గు వేస్తారు. ముందు కాసేపు నడిచి, పొయ్యి దగ్గర నిలబడి చేసే పనులు చేసుకుని, వాకిలి పని అరగంట వెనక్కి జరిపితే ఎంతో తేడా. చీపురుకు మూడడుగుల కర్ర కట్టుకుంటే ఇంకా మేలు.

పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా ఆగొద్దు. నడుముకు ముందు వేలాడే బరువు మనిషిని గుంజుతూనే ఉంటుంది, వీపు దాన్ని వెనక్కి పట్టుకుంటూనే ఉండాలి. మూడు కిలోలు కాగానే బోరెంలో (పెద్ద గోనె సంచిలో) పోసి రావాలి. ఆ నడక కూడా విశ్రాంతే.

మగ్గం దగ్గర సంగతి వేరు. గుంట అంచున చదునుగా కూర్చుంటే తుంటి వెనక్కి వాలి నడుము గుండ్రమవుతుంది. పాత దుప్పటి మడిచి వెనక భాగం రెండు మూడు అంగుళాలు ఎత్తు వచ్చేలా వేసుకుంటే తుంటి మోకాళ్లకన్నా పైకి వస్తుంది, వీపు తనంతట తానే లేస్తుంది. కాళ్లతో తొక్కే పలకలు సాగదీయకుండానే అందాలి. అందకపోతే తొక్కిన ప్రతిసారీ ఒకవైపు తుంటి కిందికి జారుతుంది. బల్బు తల వెనక ఉంటే మన నీడే బట్ట మీద పడి మెడ ఇంకా వంగుతుంది, కనుక ముందుకు మార్చాలి. కండె (నూలు చుట్టిన గొట్టం) మార్చేటప్పుడు ఊపిరి పీలుస్తూ భుజాలు చెవులదాకా లేపి, వదులుతూ కిందికి వదిలేయాలి. అరగంటకోసారి గుంటలోంచి లేవాలి.

అలవాటు మార్చుకుంటే అన్నీ పోతాయని మేము అనడం లేదు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్క చీరకే చేయి తొమ్మిది వేల సార్లు తిరగాలి. ఆ భుజానికి ఏ కసరత్తు సరిపోతుంది? తన తల్లి పడే ఆ బాధ చూసి చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పనిముట్టుదే తప్పయినప్పుడు మార్చాల్సింది పనిముట్టునే.

నొప్పి వచ్చాక ఊళ్లలో జరిగేది ఒక సూది, ఒక బెల్టు, పది రోజుల మంచం. బెల్టు బరువు పనికి గంటో రెండు గంటలో వాడొచ్చు. రోజంతా కట్టుకుంటే దాని మీదే ఆధారపడతారు. మంచం ఒకటి రెండు రోజులకు మించొద్దు, నెమ్మదిగా నడవడమే మందు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే, అందునా ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తూ మింగితే, కిడ్నీలు పాడవొచ్చు.

మర్రిగూడ, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దలకు మాత్రం ఇవేవీ చెప్పకండి. వాళ్ల లిగమెంట్లే ఎముకల్లా గట్టిపడి ఉంటాయి. అది కూర్చునే తీరుతో వచ్చిన బిగుసు కాదు. పట్టి వంచినా, తొక్కించినా ప్రమాదం. ఎక్స్‌రే తీసి డాక్టరు చూశాకే ఏదైనా. ఎవరికైనా సరే కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా అదే రోజు పెద్దాస్పత్రికి వెళ్లాలి.

రైతు వేదికల్లో విత్తనాలు, ఎరువుల మీద సమావేశాలు ఎలాగూ పెడతారు. నాట్లకు ముందు ఒకసారి, అక్టోబరులో పత్తి ఏరుడుకు ముందు ఒకసారి అరగంట దీనికీ ఇవ్వాలని అధికారులను కోరుతున్నాం. కైకిలి ఆడవాళ్లను పిలవాలి, పట్టాదారులను మాత్రమే కాదు. చేనేత సంఘాల్లోనూ ఇదే చేయొచ్చు. పత్రికగా మీరు ఆ కర్ర కసరత్తు బొమ్మలతో వేస్తే చదువు రానివాళ్లకూ అందుతుంది. బొమ్మలోని మనిషి కొంగు బిగించి మడి గట్టున నిలబడి ఉండాలి.

— ఫిజియోథెరపిస్టులు, నల్లగొండ