గోల్కొండ గబ్బిలాలను పిల్లలకు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

గోల్కొండకు వెళ్ళినవాళ్ళంతా ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని గైడ్ చెబితే పిల్లలు నోరెళ్ళబెడతారు. అదే కోటలో చీకటి గదుల కప్పులకు వేలాడే గబ్బిలాలు ఆ ప్రతిధ్వని మీదే బతుకుతున్నాయని మాత్రం ఏ గైడూ చెప్పగా నేను వినలేదు. మన చెవికి అందనంత సన్నగా కూత పెట్టి, అది పురుగుకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి అవి చీకట్లో వేటాడతాయి.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకు కుటుంబాలు చేరే వేళకే అవీ బయటికొస్తాయి. ముందు ఒక్కటి వస్తుంది. గుమ్మం దగ్గరే ఒక చుట్టు తిరిగి, వెలుతురు ఇంకా ఉందనుకుంటే మళ్ళీ లోపలికి పోతుంది. కాస్త మసకపడ్డాక గుంపులు గుంపులుగా వస్తాయి. అంత చక్కటి దృశ్యం కళ్ళముందే జరుగుతుంటే పెద్దవాళ్ళు ‘చెవిలో దూరుతుంది’ అంటూ పిల్లల చెవులు మూస్తారు. కుర్రాళ్ళు సెల్‌ఫోన్ లైట్లు కొడతారు, గులకరాళ్ళు విసురుతారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అమెరికాలో మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండే ఆస్టిన్ నగరంలోనూ ఒకప్పుడు ఇదే భయం. 1980లో కాంగ్రెస్ ఎవెన్యూ వంతెనను బాగుచేశాక దాని కింది సందుల్లో గబ్బిలాలు చేరాయి. వాటిని వదిలించమని జనం గోల పెట్టారు. మెర్లిన్ టటిల్ అనే శాస్త్రవేత్త ఊరివాళ్ళకు ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఇప్పుడక్కడ దాదాపు 15 లక్షల గబ్బిలాలు ఉంటాయి. వేసవి సాయంత్రాల్లో జనం పిల్లాపాపలతో వంతెన మీద బారులు తీరతారు.

మన దగ్గర పండ్లు తినే గబ్బిలాలను 2022 సవరణ దాకా వన్యప్రాణి చట్టమే ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2018లో కేరళలో నిపా వచ్చాక భయం ఇంకా పెరిగింది. ఆ వైరస్‌కు నెలవు పెద్ద పండ్ల గబ్బిలాలు. కోట గదుల్లోని పురుగులు తినే చిన్నవాటి సంగతి వేరు. ఏదైనా సరే, దూరం నుంచి చూస్తే ప్రమాదం లేదు. కింద పడినదాన్ని ముట్టుకోకూడదు, కరిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ రెండు ముక్కలూ అక్కడే పిల్లలకు చెప్పొచ్చు కదా!

పురావస్తు, పర్యాటక, అటవీ శాఖల వారికి నా విన్నపం ఒక్కటే. షోకు ముందు వారానికో సాయంత్రం చిన్న బృందాన్ని గదుల్లోకి కాకుండా బయటే నిలబెట్టి, తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పే మనిషితో చూపించండి. జంతుశాస్త్రం చదివే విద్యార్థులు ఆ పనికి సంతోషంగా వస్తారు. గబ్బిలం కూతను మన చెవికి వినిపించే చేతి యంత్రం ఒక్కటుంటే పిల్లల ఆనందానికి హద్దుండదు. చాలా జాతులు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి కాబట్టి, అవి పిల్లలతో ఉండే రోజుల్లో ఆ గదుల వైపు ఎవరినీ పోనివ్వకండి, లైట్లు పడనివ్వకండి.

వచ్చే వేసవి సెలవుల్లోపు ఒక శనివారం ప్రయోగంగా పెట్టి చూడండి. టికెట్ పెట్టినా మా ఇంటిల్లిపాదీ వస్తాం.

– ఒక పాఠకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్