ఇంజిన్ దించే ముందు కంప్రెషన్ కొలవండి

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు నిండిన కారుకు మరో ఐదేళ్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే వీలుంది. 2022 ఏప్రిల్లో ఆ ఫీజు 5 వేలకు పెరిగినా, మా బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు చాలామంది కట్టేసి పాత బండినే నడుపుకుంటున్నారు. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. అలాంటి బళ్లకు తరచూ వచ్చే బాధ ఇంజిన్ ఆయిల్ తాగేయడం. ఆ పేరు చెప్పి మా ఊళ్లలో అవసరం లేని ఇంజిన్ పనులు జరిగిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

నేను బొబ్బిలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. నాది 2009 మోడల్ పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు. గతేడాది నుంచి వెయ్యి కిలోమీటర్లకు దాదాపు ముప్పావు లీటరు ఆయిల్ తగ్గుతూ వచ్చింది. అర లీటరు దాకా తగ్గడం మామూలేనని కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది కాబట్టి కాస్త తగ్గిందని ఎవరూ బెంగపడక్కర్లేదు. నా బండి మాత్రం ఆ హద్దు దాటింది.

టౌన్‌లో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ఒకటే మాట. "రింగులు పోనాయి మేడమ్. ఇంజిన్ దించీయాలి. బోరు కొట్టించి పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చీయాలి. నలభై వేలు దాటిపోద్ది." ఒక్కరూ ప్లగ్గు విప్పలేదు, సిలిండర్ లోపలి ఒత్తిడి (కంప్రెషన్) కొలిచే గేజి పెట్టలేదు. బానెట్ ఎత్తి, సైలెన్సర్ వైపు ఓసారి చూసి తేల్చేశారు. నెల జీతం వచ్చే నాకే అది పెద్ద మొత్తం. కారు కిరాయికి తిప్పుకుని బతికేవాళ్లు అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారు?

నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. అయితే అది ఎప్పుడు వస్తోందో చూడాలి. మా అక్కావాళ్లు కోరాపుట్‌లో ఉంటారు. సుంకి ఘాట్ మీంచి సాలూరుకు దిగేటప్పుడు సెకండ్ గేరులో వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి దిగుతాం. కింద చదును రోడ్డు మీదకొచ్చి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే అద్దంలో వెనకున్న బండి కనిపించనంత నీలం పొగ లేచేది. అదే ఘాట్ ఎక్కేటప్పుడు, ఇంజిన్ బరువు మీద లాగుతున్నప్పుడు పొగ జాడే లేదు. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక్కసారి గుప్పుమని, కాసేపటికి పోయేది.

దీనికి కారణం ఉంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మూసుకుని ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి) లోపల గాలి పీడనం బాగా పడిపోతుంది. ఆ పీల్పుకు హెడ్ (సిలిండర్ల పైభాగం) మీదున్న ఆయిల్ వాల్వు కాడల వెంబడి సిలిండర్లోకి దిగుతుంది. దాన్ని ఆపడానికే వాల్వు సీళ్లు ఉన్నాయి. కాడకు తొడిగిన చిన్న రబ్బరు టోపీలవి. వేడికి, వయసుకు గట్టిపడిపోయి పట్టు వదిలేస్తాయి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులే అరిగిపోతే తీరు వేరుగా ఉంటుంది. బరువు మీద లాగేటప్పుడు పొగ ఎక్కువవుతుంది, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గ్యాసు బుసబుసా తన్నుకొస్తుంది.

పాత విజయనగరం జిల్లాలోని సాలూరు లారీలకు పెట్టింది పేరు. అక్కడ లారీ ఇంజిన్లతోనే తల నెరిసిన ఒక పెద్దాయన నా కారు చూశారు. ముందు ఇంజిన్ వేడెక్కనిచ్చారు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇంజెక్టర్ల కనెక్షన్ తీసి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టమని ఒక్కో సిలిండరుకు కంప్రెషన్ గేజి బిగించి సెల్ఫు కొట్టించారు. ఆయిల్ డబ్బా వచ్చిన అట్ట చింపి దాని మీద పీఎస్‌ఐ లెక్కలో వరసగా రాశారు: 165, 160, 165, 160. తర్వాత ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచారు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి రీడింగ్ బాగా పెరుగుతుంది. నా బండికి పెద్దగా పెరగలేదు. "కంప్రెషన్ బాగుందమ్మా. అలాగని సిలిండర్ గోడ మీది ఆయిల్ గీకే ఆయిల్ రింగు మసి పట్టి బిగుసుకుపోయుంటే ఈ గేజి చెప్పలేదు. ముందు తక్కువలో అయ్యేవి చూద్దాం" అన్నారు. గేజి ఏం చెబుతుందో, ఏం చెప్పదో రెండూ చెప్పిన ఆ మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఇంజిన్ అడుగున చేరే గ్యాసును మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు తీసి ఊపితే చప్పుడు లేదు, మసితో పూడిపోయింది. అది మూసుకుపోతే ఇంజిన్ అడుగున ఒత్తిడి పెరిగి దొరికిన దారిలో ఆయిల్ బయటకు తన్నుతుంది. అది మార్చారు. తర్వాత హెడ్ దించకుండానే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తీసి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టించి, వాల్వులు లోపలికి జారకుండా నిలబెట్టి, స్ప్రింగులు విప్పి సీళ్లు లాగారు. ఒకటి నా చేతిలో పెట్టారు. గోటితో నొక్కితే రబ్బరు మెత్తదనమే లేదు, వంచబోతే పుటుక్కున విరిగింది. సామాను, కూలి కలిపి ఎనిమిది వేల లోపే అయ్యింది. ఇప్పుడు ఆయిల్ తగ్గడం మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంది. ఘాట్ దిగినా వెనక పొగ లేదు.

అందరి బండికీ ఇంత తక్కువలో తెమలదు. రీడింగ్ బాగా తక్కువ వచ్చి, ఆయిల్ పోయగానే పెరిగితే రింగులు పోయినట్టే. అప్పుడు ఇంజిన్ దించక తప్పదు, దించాల్సిందే. అసలు కాలడమే లేకుండా సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గ్యాస్కెట్ దగ్గరో, క్రాంకు వెనక సీలు దగ్గరో కారిపోతూ ఉండొచ్చు. రాత్రి బండి కింద ఒక అట్ట పరిస్తే తెల్లారేసరికి తెలిసిపోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని చాలామంది 20డబ్ల్యూ50 పోయించేస్తున్నారు. పొగ కొంచెం తగ్గవచ్చు గానీ, పల్చటి ఆయిల్‌కు తయారైన ఇంజిన్లో పొద్దున్నే అది పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది, క్యామ్ అరుగుతుంది.

మరో విషయం కిరాయి బళ్ల డ్రైవర్ సోదరులకు. డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ దీపం వెలగలేదు కదా అని ఊరుకోకండి. చాలా పాత బళ్లలో అది చూపేది ఆయిల్ మట్టాన్ని కాదు, ఒత్తిడిని. అది వెలిగేసరికే బేరింగులకు ఆయిల్ అందక నష్టం మొదలైపోతుంది. చదును నేల మీద ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూడండి. పై గీత దాటి మాత్రం పోయొద్దు. ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. పెట్రోల్ బండికి ఆ పరీక్ష చేసేది ఇంజిన్ వేడెక్కాక, నిలబెట్టి. పొద్దుటి పొగ, ఘాట్ దిగాక వచ్చే పొగ దాని కంట పడవు. స్కూలు గేటు దగ్గర ఆటోల వెనక, కార్ల వెనక ఆ పొగ పీల్చేది మా పిల్లలే. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలో ఉండి విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పాడుచేస్తుంది, దాని ఖరీదు వేలల్లోనే.

మెకానిక్ సోదరుల మీద నాకు కోపం లేదు. ఎండలో, మసిలో వాళ్ల కష్టం రోజూ చూస్తున్నాను. వాళ్లను అడిగేది ఒక్కటే: ఇంజిన్ దించాలని చెప్పే ముందు నాలుగు సిలిండర్ల రీడింగులూ, ఆయిల్ పోయకముందువీ పోశాక వచ్చినవీ, కాగితం మీద రాసి బండి ఓనరు చేతికివ్వండి. కొలిచినందుకు కూలి తీసుకోండి, సంతోషంగా ఇస్తాం. గేజి ఖరీదు వెయ్యి, రెండు వేలే.

మన ఐటీఐల్లో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ల కోర్సు ఉంది. నెలకో శనివారం పాత బళ్లకు కంప్రెషన్ పరీక్ష పెట్టి చవకగా చేసిస్తే ఆ పిల్లలకు చేతిపని వస్తుంది, మాకు చేతిలో రీడింగు ఉంటుంది. విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లు ఐటీఐ ప్రిన్సిపాళ్లతో మాట్లాడి దీన్ని మొదలుపెట్టించాలని కోరుతున్నాను. మొదటి పరీక్ష సాలూరులో పెడితే అక్కడి లారీ మేస్త్రీలు పిల్లలకు నేర్పడానికి వస్తారనే నా నమ్మకం.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా