పొగ నుంచి ఇథిలీన్: ప్రజాధనం ఇచ్చే ముందు అడగాల్సిన అంకెలు

సంపాదకుల వారికి,

నానో రాగి ఉత్ప్రేరకంపై కరెంటు పంపి, పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఇథిలీన్‌గా (ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకైన వాయువు) మార్చామన్న ప్రకటనలు తరచూ వస్తున్నాయి. పరిశోధన నిజమైనదే. శుద్ధ లోహాల్లో హైడ్రోకార్బన్లను చెప్పుకోదగ్గ మోతాదులో ఇచ్చేది రాగేనని జపాన్ శాస్త్రవేత్త యోషియో హోరి 1980లలోనే చూపారు. వెండి, బంగారం కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగుతాయి; తగరం, బిస్మత్ ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్ల లవణం) ఇస్తాయి. అయితే ప్రకటనల్లో సాధారణంగా ఫారడే సామర్థ్యం, అంటే పంపిన ఎలక్ట్రాన్లలో కోరిన ఉత్పత్తికి చేరిన శాతం, ఒక్కటే కనిపిస్తుంది. నిధులివ్వడానికి అది చాలదు.

లెక్క వేసి చూడండి. ఒక్కో ఇథిలీన్ అణువుకు 12 ఎలక్ట్రాన్లు కావాలి. సెల్ (ఈ మార్పు జరిగే విద్యుత్ పరికరం) వోల్టేజి 3 వోల్టులు, ఫారడే సామర్థ్యం 60 శాతం అనుకుంటే కిలో ఇథిలీన్‌కు సుమారు 57 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక మొత్తం 40 కిలోలు. ఆ కిలో ఇథిలీన్ తయారీలో వాడుకునే కార్బన్ డయాక్సైడ్ 3.1 కిలోలే! గ్రిడ్ కరెంటుతో నడిపితే కీడే ఎక్కువ.

మన్నిక మరో సమస్య. కార్బన్ డయాక్సైడ్ నీటిలో లీటరుకు 0.034 మోల్ మాత్రమే కరుగుతుంది, అందుకే వెనక నుంచి వాయువు పంపే సన్నరంధ్రాల ఎలక్ట్రోడ్ వాడతారు. కాథోడ్ (మార్పు జరిగే రుణ ఎలక్ట్రోడ్) దగ్గర పుట్టే హైడ్రాక్సైడ్ ఆ వాయువునే పట్టుకుని కార్బొనేట్‌గా మార్చేస్తుంది. అది ద్రావణంలోని పొటాషియంతో కలిసి లవణంగా రంధ్రాల్లో పేరుకుని, నీరు లోపలికి చేరి, ఇథిలీన్‌కు బదులు హైడ్రోజన్ రావడం మొదలవుతుంది. కొన్ని గంటల్లోనే ఇలా జరగవచ్చు. క్షార, తటస్థ ద్రావణాల్లో ఈ నష్టం వల్ల, ఎంత బాగా నడిపినా పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో ఒక్క విడతలో ఇథిలీన్‌గా మారగలిగేది పావు వంతే. పైగా కరెంటు పారుతుండగా రాగి నానో కణాలు కరిగి, అతుక్కుని రూపం మార్చుకుంటాయి.

పరీక్షలు ఎక్కువగా సిలిండర్లోని శుద్ధ కార్బన్ డయాక్సైడ్‌తో జరుగుతాయి. బొగ్గు పొగలో అది 12–15 శాతమే. పొగలోని ఆక్సిజన్ ముందే ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్ చాలు, రాగిని ఫార్మేట్ వైపు మళ్లించడానికి. 2025 జులైలో చాలా థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ తొలగింపు నిబంధన సడలించారు కనుక ఇది మనకు మరీ ముఖ్యం.

కాబట్టి నిధులిచ్చే సంస్థలు వీటిని తప్పనిసరిగా అడగాలి: చదరపు సెంటీమీటరుకు కనీసం 200 మిల్లీ ఆంపియర్ల కరెంటు దగ్గర కొలిచిన పూర్తి సెల్ వోల్టేజి, ఒక్క విడతలో మారిన శాతం, అసలు పొగతో 1000 గంటల నడక. కార్బన్-13 (గుర్తుపట్టడానికి వీలైన, కాస్త బరువైన కార్బన్) ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో రుజువు కూడా కావాలి; లేకపోతే కొలిచిన ఉత్పత్తి ఎలక్ట్రోడ్‌లోని కార్బన్ కాగితం, జిగురు మలినాల నుంచి వచ్చిందేమో తేలదు. ఈ అంకెలు లేని ప్రకటనను మీ విలేకరులు అచ్చుకు పంపే ముందు వాటిని అడిగి రాయాలని మనవి.

– ఎలక్ట్రోకెమిస్ట్రీ అధ్యాపకుడు, వరంగల్