భారం ఎవరి తలపై మోపుతున్నారు?

సంపాదకులు గారికి,

పర్యావరణ విధానాలపై దేశదేశాల్లో వ్యతిరేకత పెరుగుతోందని, సామాన్యుడికి ప్రకృతి పట్టదని కొందరు తేల్చేయడం బాధ కలిగిస్తోంది. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో పసుపు చొక్కాలతో రోడ్డెక్కినవారిలో చాలామంది, సొంత బండి లేనిదే పనికి వెళ్లలేని పల్లెలవారు, చిన్న పట్టణాలవారు. డీజిల్‌పై పన్ను వారి బతుకు మీద పడింది కనుకే తిరగబడ్డారు.

మన శ్రీకాకుళం జిల్లాలో, సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నది సామాన్యులే కదా!

ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. పలచని ప్లాస్టిక్ సంచులూ నిషిద్ధమే. మొన్న మా సంతలో వంకాయలు అమ్ముకునే ముసలమ్మ గంప పక్కనున్న పలచని సంచుల కట్టను లాక్కుని, బోణీ అయి గంటైనా కాకముందే జరిమానా రాశారు. "గుడ్డసంచి ఇత్తే నాకేటి మిగుల్తాది బాబూ?" అని ఆమె అడిగితే ఎవరూ బదులివ్వలేదు. ఆ సంచులను ఆమెకు అమ్మిన టోకు దుకాణం నాలుగడుగుల దూరంలో తెరిచే ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు. ప్లాస్టిక్ విషయంలోనూ భారమంతా పేదల మీదే పడకుండా అదే న్యాయం పాటించి, తనిఖీలను తయారీదారులు, టోకు వ్యాపారుల నుంచి మొదలుపెట్టాలని, ప్రభుత్వ కార్యక్రమాల భోజనాలకు సీతంపేట గిరిజన మహిళలు కుట్టే అడ్డాకు విస్తర్లనే కొనాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా