బావి పూడ్చే ముందు

నెల్లూరు,
ఉగాది వెళ్లిన మూడో వారం

చిరంజీవి అబ్బాయికి, అమ్మ దీవించి రాసేది.

ఈశాన్యం మూల బావి పూడ్చి ఆ చోట కారు షెడ్డు వేయిద్దామని ఫోనులో అన్నావు. ఫోనులో తేలే మాట కాదు గనక రాస్తున్నా. పాప కూడా "నాన్న చిన్నప్పుడు మీ వీధి ఎట్టా ఉండేది" అని అడిగిందంట కదా. ఆ వీధి సంగతి చెప్పకుండా బావి సంగతి చెప్పడం కుదరదు. కాబట్టి ఈ ఉత్తరం దానికి కూడా చదివి వినిపించు.

మన వీధి వరిమడిలో పుట్టింది. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ పెన్నా నీళ్లు మోసుకొచ్చి ఊరి చుట్టూ ఉండే మాగాణికి పెట్టేవి. మొలగొలుకులు పండిన ఆ మడులకే హద్దురాళ్లు పాతి అంకణాల లెక్కన అమ్మారు. గట్లు దారులయ్యాయి, పిల్లకాలువలు సైడు కాలువలయ్యాయి. వీధి చివర ఎన్నిసార్లు రోడ్డేసినా నీళ్లు నిలిచే చోటు చూశావా, అది ఒకప్పటి పిల్లకాలువ మలుపు. అక్కడ ఎంత సిమెంటు పోసినా వాలు అటే ఉంటుంది.

పాపకు చెప్పు: అప్పటి ఆటలన్నీ ఆ మట్టిని నమ్ముకున్నవే. గోళీల గుంట కావాలంటే గడ్డపార అక్కర్లేదు, మడమ నేలకు ఆనించి గిర్రున ఒక చుట్టు తిరిగితే చాలు. వాన పడిన మర్నాడు అయితే గుంట అంచు విరగదు. ఎండాకాలం దుమ్ములో గుంట పూడిపోతుంది, అందుకే పిల్లలు చెంబుతో నీళ్లు తెచ్చి తడిపేవాళ్లు. కర్రాబిళ్లకు జానెడు పొడుగు సన్నటి గాడి తీయాలి, బిళ్లను గాడికి అడ్డంగా పెట్టి కర్రతో లేపాలి. సిమెంటు మీద గాడి ఎక్కడ తీస్తావు? ముగ్గు సంగతీ అంతే. పేడనీళ్ల కళ్లాపి మట్టిలో దుమ్మును అణచిపెడితే దానిమీద పిండి అతుక్కుని సాయంత్రం దాకా నిలిచేది. ఇప్పుడు రెండు మోటారు సైకిళ్లు పోతే సగం ముగ్గు ఎగిరిపోతుంది, అందుకే ఇళ్ల ముందర పెయింటు ముగ్గులు కనబడతాయి. నాకవి నచ్చవు గానీ, తప్పు వాళ్లది కాదు.

ఇక రోడ్డు ఎంత లేచిందో చూడాలంటే మన గేటు దగ్గర నిలబడు. వీధిలోంచి లోపలికి ఎక్కడానికి మూడు మెట్లు ఉండేవి. మొదట గ్రావెల్ తోలారు, తర్వాత కంకర పరిచి తారు, మళ్లీ తారు, దానిమీద సిమెంటు. పాతదాన్ని గీకి తీసేది లేదు, పైపైనే పోసుకుంటూ పోవడమే. ఇప్పుడు మూడో మెట్టు అంచు రోడ్డుకు సమంగా ఉంది. ఇంకొక్క పూత పడిందంటే వీధి నీళ్లు మన వాకిట్లోకి వస్తాయి. అట్టా జరగకముందే గేటు కింద 4 అంగుళాల గట్టు కట్టించు. స్నానాల గది గొట్టం సైడు కాలువలో కలిసే చోట నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వు బిగించమను. కాలువ నిండినప్పుడు ఆ మురుగు గొట్టంలోంచి ఇంట్లోకే ఎగదన్నుతుంది, చాలామంది ఇది గేటులోంచి వచ్చిన నీళ్లనుకుంటారు.

బావి విషయానికొస్తా. 4 అడుగుల వెడల్పు, 26 వరలు, అంటే లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన గుండ్రటి చుట్లు. ఒక్కో వర అడుగు ఎత్తు, అంటే ఒక్కో వరలో సుమారు 350 లీటర్లు. కార్తీకంలో చేదకు రెండు బారల తాడు చాలేది, రోహిణి కార్తెలో నాలుగు బారలు కావాల్సి వచ్చేది. ఎండిపోయింది దాని తప్పు వల్ల కాదు. చుట్టూ మడుల్లో నెలల తరబడి నీళ్లు నిలబడి నేలలోకి ఇంకేవి, మడులు పోయాయి. వీధి మట్టి తాగేది, దాన్నీ మూశారు. మిగిలిన కాస్తనూ ఇంటింటి బోర్లు లాగేస్తున్నాయి.

పూడ్చడం నువ్వనుకున్నంత తేలిక కాదు. పడగొట్టిన ఇళ్ల రాళ్లూ రప్పలూ, చెత్త తెచ్చి పోస్తారు. అది ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, పైన వేసిన గచ్చు పగులుతుంది. చెత్త కుళ్లిన నీళ్లు ఊటలో కలిసి మన బోరుకూ పక్కింటి బోరుకూ చేరతాయి. పోనీ పైన స్లాబు వేసి దానిమీద కారు నిలుపుదామంటావా, వరలు మట్టిని ఆపడానికి పెట్టినవి, బండి బరువు మోయడానికి కాదు. ఈశాన్యంలో బావి పూడ్చకూడదని మీ తాత వాస్తు చెప్పేవాడు, దాన్ని పక్కన పెట్టు. వాన మనకు ఈశాన్య రుతుపవనాల్లోనే, సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. ఆ మూడు నెలల నీళ్లు పట్టుకోడానికి ఇంట్లో ఉన్న పాత్ర ఈ బావి ఒక్కటే.

లెక్క చూడు. మన మిద్దె వెయ్యి చదరపు అడుగులు. ఒక సెంటీమీటరు వాన పడితే దానిమీద సుమారు 930 లీటర్లు. తుపాను రోజున 10 సెంటీమీటర్లు పడిందంటే 9,300 లీటర్లు, అంటే 26 వరలూ నిండేంత. ఇప్పుడు అదంతా వీధిలోకి పోయి, పోయేదారి లేక మన గేటుకే వచ్చి కొడుతోంది.

చేయించాల్సిన పని ఇది. రోహిణి కార్తెలో అడుగంటినప్పుడే పూడిక తీయించాలి. ఇక్కడ మాత్రం జాగ్రత్త. చాలాకాలం వాడని బావిలో గాలి చెడి ఉంటుంది. ముందు తాడుకు దీపం కట్టి అడుగుదాకా దించాలి. ఆరిపోయిందా, ఎవరినీ దించొద్దు. ఆరకపోయినా అన్ని విషవాయువులనూ దీపం పట్టలేదు. కాబట్టి పెద్ద ఫ్యాను పెట్టి గంటసేపు లోపలికి గాలి కొట్టించి, దిగేవాడి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని ఉంటేనే దించాలి. వాడు కళ్లు తిరిగి పడితే రక్షించడానికని ఇంకొకడు దూకడం, ఇద్దరూ పోవడం, బావి పనుల్లో చాలా ప్రాణాలు అట్టాగే పోతాయి.

పూడిక తీశాక పై 10 అడుగుల వరల సందులు సిమెంటుతో మూయించు, మురుగు దిగకుండా. కింది సందులు ముట్టుకోనివ్వొద్దు, ఊట వచ్చేది వాటిలోంచే. మేస్త్రీ ఉత్సాహం కొద్దీ అడుగుదాకా పూసేస్తాడు, దగ్గర నిలబడి చూసుకో.

మిద్దె మీద నీళ్లు దిగే గొట్టాలు రెంటినీ ఒక 4 అంగుళాల పీవీసీ గొట్టంలో కలిపి, బావి పక్కన 3 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు తొట్టిలోకి తేవాలి. తొట్టి అడుగున అడుగెత్తు 40 ఎంఎం కంకర, దానిమీద అడుగు 20 ఎంఎం కంకర, ఆపైన నైలాను వల పరిచి, మీద అడుగు మందం ముతక ఇసుక. పైన అడుగు ఖాళీ వదలాలి. ఇసుక, కంకర బాగా కడిగి వేయాలి, లేకపోతే మొదటి వానకే ఆ మట్టంతా బావిలో. వల మర్చిపోతే ఇసుక కంకరలోకి జారి రెండేళ్లలో తొట్టి మూసుకుపోతుంది. తొట్టి అడుగు నుంచి బావిలోకి పోయే గొట్టాన్ని నీటిమట్టం కిందిదాకా దించు. పైనుంచి దూకితే బావి అడుగు మట్టి పైకి లేచి నీళ్లు ఎర్రగా తేలతాయి.

తొలి వాన నీళ్లు బావికి పోకూడదు. మిద్దె మీద దుమ్ము, పావురాల రెట్ట, ఆకులు అందులోనే ఉంటాయి. మొదటి రెండు మిల్లీమీటర్లు వదిలేయాలి, మన మిద్దెకు అది 190 లీటర్ల దాకా అవుతుంది. చాలామంది మూడడుగుల గొట్టం ముక్క అడ్డంగా బిగించి మురికి ఆగిందనుకుంటారు. 4 అంగుళాల గొట్టం మీటరుకు పట్టేది 8 లీటర్లే, దాంతో ఏమాగుతుంది? 200 లీటర్ల డ్రమ్ము పెట్టు. అది నిండాకే నీళ్లు తొట్టిలోకి మళ్లాలి. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి పెట్టి, వాన వెలిసాక తిప్పి ఖాళీ చేయాలి. వంటింటి నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఏ దారినా బావిలోకి రానివ్వొద్దు.

ఆ నీళ్లు తాగడానికి మాత్రం కాదు. సెప్టిక్ ట్యాంకుకూ బావికీ మధ్య కనీసం 50 అడుగుల ఎడం ఉండాలంటారు. మనది నైరుతిలో ఉన్నా అంత దూరం లేదు, పక్కింటి వాళ్లదైతే మన గోడ వెనకే. మొక్కలకు, కడగడానికి, స్నానానికి చాలు. వానల తర్వాత బ్లీచింగు వేయించు: వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, 10 వరల నీళ్లుంటే 9 గ్రాములు. పొడి నేరుగా చల్లకూడదు. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత నీళ్లు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను చేదతాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. అడుగు సున్నం బావిలో వేస్తే నీళ్లు మరింత గడుసై సబ్బు నురగ రాదు. గంట ఆగి వాసన చూడు. బ్లీచింగు వాసన రవ్వంత కూడా లేకపోతే ఇంకోసారి వేయాలి. దోమలకని గప్పీ చేపలు వదిలే ఆలోచన ఉంటే బ్లీచింగు వేశాక వారం ఆగి వదులు. ముందే వదిలితే మర్నాటికి అన్నీ తేలతాయి.

కారుకు గేటు పక్కన పడమటి గోడ వెంట 16 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు చోటుంది. అక్కడి బంతి మడి తీసేస్తే సరిపోతుంది, బంతి యాడైనా వస్తుంది. షెడ్డు కింద గచ్చు మాత్రం పోయించొద్దు, నడుమ సందు వదిలి పలకలు పరిపించు.

పాపను మే చివర్లో పంపించు, పూడిక తీసేటప్పుడు వరలు లెక్కపెట్టనీ. గిలక అటక మీద ఉంది, ఇరుసుకు ఆముదం పట్టించి పెట్టాను.

అమ్మ