అద్దె, దారి ఖర్చు ఒకే ఖాతాలో రాయండి: ఆర్థిక, ప్రణాళికా శాఖల మంత్రిగారికి గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు.

రాష్ట్రంలో ఏ ఊళ్లో బతకడానికి ఎంతవుతుందన్న మాట వస్తే విశాఖ, విజయవాడ ఖరీదైనవని, అమలాపురం, రాజోలు, నరసాపురం చవకని తేల్చేయడం అలవాటైపోయింది. ఇంటి అద్దె వరకు అది నిజమే. కానీ డెల్టాలో అద్దె ఎక్కడ తగ్గుతుందో సరిగ్గా అక్కడే దారి ఖర్చు పెరుగుతుంది. మధ్యలో ఏరుంటుంది, లేదా కాలువ ఉంటుంది, లేదా బస్సు ఉండదు. అద్దెనూ దారి ఖర్చునూ ఒకే ఖాతాలో వేసి ఊరూరికీ లెక్క తీయించమని, ఇంటి అద్దె భత్యాన్ని, బస్సుల కేటాయింపును ఆ లెక్క మీద నిర్ణయించమని అడగడానికే ఈ లేఖ.

ఇప్పుడున్న కొలబద్ద జనాభా. కేంద్ర ప్రభుత్వం దృష్టిలో మన రాష్ట్రంలో విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు వై శ్రేణి నగరాలు. మిగిలినవన్నీ జడ్. రాజమహేంద్రవరం శివార్లతో కలిపి 2011 లెక్కల్లో నాలుగున్నర లక్షలు దాటినా అయిదు లక్షలకు అందలేదు కాబట్టి అదీ జడ్‌లోనే ఉంది. వైలో మూల వేతనం మీద 20 శాతం అద్దె భత్యం, జడ్‌లో 10 శాతం. రాష్ట్ర ఉద్యోగులకు 2022 వేతన సవరణ (పీఆర్సీ)లో పెట్టిన శ్లాబులూ ఇదే దారిలో నడిచాయి: యాభై వేల లోపు జనాభా ఉన్న చోట 10 శాతం, ఆ పైన రెండు లక్షల వరకు 12, రెండు లక్షలు దాటితే 16. జనాభాను బట్టి అద్దెను ఊహించవచ్చేమో. అక్కడికి రోజూ వెళ్లి రావడానికి ఎంతవుతుందో జనాభా చెప్పదు.

ఒక లెక్క చూడండి. ఏటి మధ్య దీవుల్లాంటి లంక ఊళ్లున్న మండలంలో బడి, టీచరు మూల వేతనం 40,000. పది శాతం చొప్పున భత్యం 4,000. అదే వేతనానికి విజయవాడలో 16 శాతం, అంటే 6,400. తేడా 2,400. లంక ఊళ్లో అద్దెకు ఇల్లు దొరక్కో, పిల్లల చదువు కోసమో, పెద్దవాళ్ల వైద్యం కోసమో ఆ టీచరు టౌనులోనే కాపురం ఉంటారు. భత్యం మాత్రం పని చేసే ఊరిని బట్టి వస్తుంది. పోను 30, రాను 30 కిలోమీటర్లనుకుంటే నెలకు 25 రోజుల్లో 1,500 కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇస్తే 30 లీటర్లు. లీటరు 110 చొప్పున 3,300 రూపాయలు. విజయవాడలో ఆరు కిలోమీటర్ల దూరంలో ఇల్లున్న ఉద్యోగి తిరిగేది నెలకు 300 కిలోమీటర్లు, ఆరు లీటర్లు, 660 రూపాయలు. పెట్రోలులోనే తేడా 2,640. అంటే ఎక్కడ భత్యం 2,400 తక్కువ ఇస్తున్నారో అక్కడే దారికి 2,640 ఎక్కువ పోతోంది. ఇందులో బండి అరుగుదల కలపలేదు. ఏడాదికి 18,000 కిలోమీటర్లంటే ఆరుసార్లు ఇంజిన్ ఆయిల్, దాదాపు ఏటా ఒక చైన్ సెట్. సముద్రం దగ్గరి మండలాల్లో ఉప్పుగాలికి చైన్ తుప్పు పట్టడం కూడా ఎక్కువే.

బియ్యం, కొబ్బరి, అరటి, చేప డెల్టాలో చవకే. కరెంటు టారిఫ్ రాష్ట్రమంతా ఒకటే. వాటి దగ్గర ఆగాల్సిన పని లేదు. నీళ్ల దగ్గర ఆగాలి.

చుట్టూ కాలువలున్న సీమలో నీళ్లు కొనుక్కోవడమేమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు నీరు పడుతుంది, వంటకు కూడా పనికిరాదు. సాధారణంగా ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. ఆ లోపు మంచినీళ్ల చెరువు ఎంత నిండితే అన్ని రోజులు కుళాయి. పక్కన రొయ్యల చెరువులుంటే ఆ ఉప్పు ఊటకూ భయపడాలి. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు అయిదు లీటర్లు వేసుకున్నా రోజుకో ఇరవై లీటర్ల టిన్ను, నెలకు ముప్పై. టిన్ను పది రూపాయలైతే 300, ఇంటికి తెచ్చి వేసినందుకు కలిపి ఇరవై పడితే 600. నగరంలో ఆస్తి పన్నుతో పాటు కట్టే కుళాయి పన్నును ఒక పక్క, ఈ టిన్నులను మరో పక్క పెట్టి చూసిన పట్టిక మాకు ఎక్కడా కనిపించలేదు.

సొంతిల్లు కట్టుకునేవాళ్లకు మరో ఖర్చుంది. పల్లం కాబట్టి ముందు మెరక చేయాలి. అయిదు సెంట్ల స్థలం 2,178 చదరపు అడుగులు. మూడడుగులు లేపితే 6,534 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరు ట్రక్కుకు సుమారు వంద ఘనపుటడుగులు పడితే 65 ట్రక్కులు, కుంగుబాటుకు మరో ఎనిమిది పది. ఒక వానాకాలం నానకుండా పునాది తీస్తే గోడలు బీటలిస్తాయి. ఆ ఏడాదంతా అద్దె కూడా కట్టాలి.

ఇక దారి. మ్యాపు చూసి దూరం కొలిస్తే డెల్టాలో ప్రతిసారీ తప్పు వస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి ఎదురెదురు ఒడ్డుల ఊళ్లు. మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పంటు ఎక్కితే దగ్గర, ఆగిందంటే చించినాడ వంతెన దాకా చుట్టు తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి పాయదీ అదే కథ. పంటు ఆగితే పైన రావులపాలెం వైపో, కింద ఎదుర్లంక వైపో వెళ్లి తిరిగి రావాలి. రేవులో అరగంట పని పూట పనవుతుంది. పంటు ఎప్పుడెప్పుడు ఆగుతుందో తెలిస్తేనే ఖర్చు తెలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదకు ఆగుతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే సుమారు పది లక్షల క్యూసెక్కులు. అప్పటికే పంట్లు ఒడ్డుకు కట్టేస్తారు, కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే నీళ్లలో ఉంటుంది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల్లో రాకపోకలన్నీ పడవ మీదే జరిగాయి. వేసవిలో ఇంకో ఇబ్బంది. నీరు తగ్గి ఇసుక మేటలు లేస్తాయి, పంటు వాటిని చుట్టి వెళ్లాలి, డీజిలూ సమయమూ పెరుగుతాయి. నరసాపురం దగ్గర సముద్రపు పోటుపాట్లు కూడా చూసుకోవాలి.

రేవు వేలం పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కువ పాడినవాళ్లకు రేవు ఇస్తే ఆ పాట సొమ్ము చివరికి టికెట్టు మీదే పడుతుంది. ప్రభుత్వానికి వచ్చే ఆ కాస్త ఆదాయం ఒడ్డు దాటే కూలీ జేబులోంచి వస్తోంది. మనిషికి, సైకిలుకు, మోటారు సైకిలుకు, కారుకు రేటు ముందే కట్టేసి, ఆ రేటుకు రోజుకు ఎక్కువ ట్రిప్పులు తిప్పుతామన్న వాళ్లకు, లైఫ్ జాకెట్లు, బరువు పరిమితి పాటించేవాళ్లకు రేవు ఇవ్వండి. నెల పాసు తప్పనిసరి చేయండి. బైకుతో రోజూ దాటేవాళ్లు నెలకు యాభైసార్లు టికెట్టు కొంటున్నారు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మంచి పథకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కావడంతో అమలాపురం నుంచి కాకినాడకో రాజమహేంద్రవరానికో ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లకు నిజంగా ఊరట దొరికింది. అయితే పథకం విలువ బస్సు ఉన్నచోటే ఉంటుంది. విశాఖలో వీధి చివరికి సిటీ బస్సు వస్తుంది. లంక ఊళ్లో మెయిన్ రోడ్డు దాకా షేర్ ఆటో, రేవులో పంటు, ఆ తర్వాతే బస్సు. ఆటోకూ పంటుకూ డబ్బులు ఇవ్వాల్సిందే. రాత్రి ఎనిమిది దాటాక షేర్ ఆటో దొరకదు, ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. ఆ ఒక్క రాత్రి కిరాయి వారం రోజుల ఛార్జీలను మించిపోతుంది.

రైలున్న ఊరికీ లేని ఊరికీ తేడా ఎంతో చూడాలంటే డెల్టా కన్నా మంచి చోటు లేదు. నరసాపురం నుంచి భీమవరం దాదాపు 30 కిలోమీటర్లు. ప్యాసింజర్ రైలు కనీస ఛార్జీ 2024 ఫిబ్రవరిలో 30 నుంచి మళ్లీ 10 రూపాయలకు దిగింది, రోజూ తిరిగేవాళ్లకు సీజన్ టికెట్టు ఉంది. ఏటికి ఇవతల జిల్లా కేంద్రం అమలాపురంలో రైలే లేదు. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలి. ఆ వాటా ఏ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారు, ఎంత విడుదల చేశారు అన్నది మీ శాఖ చేతిలో ఉన్న విషయం. దయచేసి ప్రకటించండి.

పెట్రోలు ధర గురించి ఒక మాట. మన దగ్గర 31 శాతం వ్యాట్, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రూపాయి రోడ్డు సెస్సు. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, పుదుచ్చేరి పన్ను, ధర తక్కువ. అటు వెళ్లే పని ఉన్నవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకొస్తారు. రాజోలు, పి.గన్నవరం వాళ్లకు ఆ వీలు లేదు. ఒకే జిల్లాలో రెండు రకాల దారి ఖర్చు ఇలా కూడా వస్తోంది.

లెక్క ఎలా తీయాలో కూడా చెబుతాం. అర్థగణాంక శాఖ సిబ్బంది ధరలు సేకరిస్తూనే ఉన్నారు, వాళ్ల ఫారంలో ఒక పేజీ కలిపితే చాలు. నలుగురి కుటుంబాన్ని తీసుకోండి. నెలకు పనికి 25 రోజులు, కాలేజీకి 24 రోజులు, సంతకు ఎనిమిదిసార్లు, పెద్దాసుపత్రికి ఇద్దరు కలిసి ఒకసారి. ప్రతి ప్రయాణాన్నీ ముక్కలుగా రాయాలి: ఆటో, పంటు, బస్సు, మళ్లీ ఆటో. ఒక్కో ముక్కకు ఛార్జీ, ఎదురుచూసిన నిమిషాలు, ఆ నెలలో ఆగిన రోజులు. రేటు బోర్డు మీద చూసి రాస్తే తప్పు, దిగిన ప్రయాణికుణ్ణి ఎంత ఇచ్చావని అడగాలి. ఆర్టీసీ ఛార్జీ ఒక్కటే రాస్తే సగమే తెలుస్తుంది. కాలేజీ బస్సు ఫీజు ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోకి రాదు కాబట్టి దాన్ని పన్నెండుతో భాగించి విడిగా చూపాలి. ఏడాది సగటు వేసేస్తే వరద నెల మాయమైపోతుంది, అందుకే నెలనెలా పట్టిక ఉండాలి. అద్దె, నీళ్లు, దారి మూడూ కలిపిన మొత్తం విశాఖ, విజయవాడ, రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, నరసాపురం, రాజోలు పక్కపక్కన ఉండేలా వేయించండి.

మొదటి సర్వే రెండు విడతలుగా చేయించండి. ఒకటి ఆగస్టులో, పంట్లు కట్టేసిన వారంలో. రెండోది మే నెలలో, కాలువలు కట్టేశాక చెరువు అడుగంటే రోజుల్లో. డిసెంబరులో వచ్చి చూసి వెళ్తే మళ్లీ డెల్టా చవకనే రాస్తారు.

ఇట్లు,
డెల్టాలో ఛార్జీలు, ధరల లెక్కలు చూసే కొందరు